నర్సింగం నోటుబుక్కు, పదిహేనో పేజీ

2011 ఆగస్టు 26, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు గోదావరిఖనిలోని తన క్వార్టర్లో భార్య కోసం కోడికూర వండుతున్న గుండేటి నర్సింగాన్ని అటవీ సిబ్బంది అరెస్టు చేశారు. కాగితాల మీద ఆ కూర జింక మాంసమైంది. అతడు అరవై రెండు రోజులు జైల్లో ఉన్నాడు. ఆ మాంసం ఏ జంతువుదో ఈనాటి వరకూ ఏ ప్రయోగశాలా చెప్పలేదు. ఏ ప్రయోగశాలనూ ఎవరూ అడగలేదు కనుక.

నర్సింగానికి యాభై రెండేళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఒక భూగర్భ గని ముందున్న లాంప్‌రూమ్‌లో పని. షిఫ్టుకు దిగే ప్రతి మనిషీ తన నెంబరు బిళ్ళ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక దీపం అప్పగించి బిళ్ళ తీసుకుంటాడు. కొక్కేనికి దీపం తిరిగి రాలేదంటే మనిషి కింద ఉండిపోయినట్టే. అందుకే బిళ్ళలు, దీపాలు రాసుకునే రిజిస్టరులో ఒక్క వరుస కూడా ఖాళీ ఉండకూడదు.

2003లో ఒక వానరోజు, తడిసిన పేజీలో సిరా అలుక్కుపోయిన ఒక వరుసను తర్వాత రాద్దామని నర్సింగం వదిలేశాడు. ఆ వరుస సదయ్యది. అందరూ పైకి వచ్చిన గంటన్నరకు గానీ, పైకప్పు పెళ్ల విరిగి కాలు మీద పడి సదయ్య కిందే ఉన్నాడని ఎవరికీ తెలియలేదు. సదయ్య బతికాడు. కాలు ఈడుస్తూ అదే లాంప్‌రూమ్‌లో ఊడ్చే పనికి మారాడు. నర్సింగాన్ని ఒక్క మాట అనలేదు సరికదా, బావా అని పిలుస్తూ రోజూ ఆటపట్టిస్తూనే ఉన్నాడు. ఆ క్షమ నర్సింగానికి శిక్షకన్నా బరువైంది. ఆనాటి నుంచి ఏ కాగితానికి నకలు రాసినా అతడు వరుస వదలడు. బస్టాండులో బస్సుల వేళలు రాసుకున్నా, తాను ఎన్నడూ ఎక్కని బస్సుతో సహా రాసుకుంటాడు.

ఆ ఏడాది జూన్‌లో అతడి భార్య సారవ్వ రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరు దశాంశం నాలుగు. గర్భసంచిలో గడ్డ. ఏడాదిగా ఆగని రక్తస్రావం. ఆపరేషన్ చేయాలంటే పది దాటాలన్నాడు డాక్టరు. ఎక్కిద్దామంటే ఆమెది బి నెగటివ్ రక్తం. జిల్లా అంతా వెతికితే ఒక్క సీసాకు మాట దొరికింది, దాన్ని ఆపరేషన్ నాటికి ఉంచుకోవాలి. ఇనుము మాత్రలు కడుపులో నిలవలేదు. కాలేయం కూర వాసనకే వాంతి. ఇక మిగిలింది తిండి. సెప్టెంబరు 12న ఆపరేషన్ అని తేదీ రాసి, ఆ లోగా పదికి తెమ్మన్నాడు.

ఆ దవాఖాన వరండాలో ఒక చార్టు ఉంది. ఏదో టానిక్ కంపెనీ అచ్చు వేయించి అంటించింది. నూరు గ్రాముల వండిన మాంసంలో ఎంత మాంసకృత్తులు, ఎంత కొవ్వు, ఎంత ఇనుము అని పట్టిక, అంతా ఇంగ్లీషులో. నర్సింగం జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, అటుగా పోతున్న నర్సు సంధ్యారాణిని ఆపాడు.

"బిడ్డా, కోడి కింద గీ వరుసల ఏమున్నది?"

"అది దుప్పి మాంసం కాకా. మనకు కాదది. బయట దేశాల లెక్కలు చూసి అచ్చేసిండ్రు. ఆడ దుప్పులను మేకల లెక్క పెంచుకుంటరట. ఈడ తింటె జైలే."

"తినుడు ఎవడు తింటడు బిడ్డా? రాసుకుంటున్న."

"తిననప్పుడు ఆ వరుస ఇడిచిపెట్టరాదు?"

"వరుస ఇడిస్తె ఎట్ల?"

ఆమె నవ్వింది. "నీతోని కాదు పో. ఇగో, ఇంకోటి విను. కూర ఇనుప మూకుట్ల వండు. దించే ముందు నిమ్మకాయ పిండు. మూకుడుల ఇనుము కొంచెం కూరకు దిగుతది. నల్లగయితది గని, మంచిదే."

అలా పద్నాలుగో పేజీలో పట్టిక మొత్తం ఎక్కింది. కోడి: మాంసకృత్తులు 31 గ్రాములు, కొవ్వు 3.6, ఇనుము 1 మిల్లీగ్రాము. దుప్పి: మాంసకృత్తులు 30, కొవ్వు 3.2, ఇనుము 4.5. బలంలో కోడి ఒక గ్రాము ముందే ఉంది, కొవ్వులో పెద్ద తేడా లేదు. ఇనుములోనే కోడి చిన్నబోయింది. సారవ్వకు కావలసింది సరిగ్గా ఆ ఇనుమే.

నర్సింగం పేజీ తిప్పాడు. పదిహేనో పేజీలో అతడు రాసిన మాటలు ఇవి: "దుప్పి మనకు లేదు. ఇనుము 4.5 కావాలంటే కోడి 450 గ్రా. రోజుకు మూడు పూటలు. మూకుడు. నిమ్మకాయ." దాని కింద జులై ఒకటి నుంచి తేదీలు వేసి, పూటపూటకూ టిక్కు పెట్టాడు. శరీరం ఏ మాంసంలోని ఇనుమును ఎంత పీల్చుకుంటుందో అతడికి తెలియదు. ఆ విషయం చార్టులో లేదు. తనకు తెలిసిన గుణకారం చేశాడు, దానికి కట్టుబడ్డాడు.

మంథని వైపు పల్లెల నుంచి నాటుకోళ్లు తెచ్చేవాడు. సారవ్వ చిగుళ్లు వాచి ఎముక కొరకలేకపోతే, ఉడికించి, ఎముకలు తీసేసి, పీచుపీచుగా విడదీసి, ఇనుప మూకుట్లో వేయించేవాడు. నిమ్మరసం పడగానే కూర బొగ్గు రంగుకు తిరిగేది.

"పొద్దుగాల కోడి, పగటీలి కోడి, మాపటీలి కోడి," అంది సారవ్వ ఒకనాడు పళ్లెం నెట్టేస్తూ. "ఇగ నేను కూత పెడ్త సూడు."

"పెట్టు. పది దాటినంక పెట్టు."

"నువ్వు లాంపులు లెక్కవెట్టినట్టు నా బుక్కలు గూడ లెక్కవెడ్తున్నవయ్యా."

"లెక్క తప్పితె ఏమైతదో నాకెరుక," అన్నాడు నర్సింగం. ఆమె పళ్లెం తిరిగి దగ్గరికి లాక్కుంది.

జులై మధ్యలో ఏడు దశాంశం ఒకటి. ఆగస్టు ఇరవైన ఎనిమిది దశాంశం ఆరు. డాక్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చూశాడు.

లాంప్‌రూమ్‌లో ఆ నోటుబుక్కు సదయ్య కంట పడింది.

"ఏంది బావా గీ రాతలు? దుప్పి కూరనా? అక్కకు దుప్పిని పెడ్తున్నవా ఏంది?"

"ఆఁ. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."

"మరి నాకో తొడ పంపరాదు? గీ కుంటికాలుకు బలమొస్తది."

"నువ్వే రా ఇంటికి. నీ కాలే ఏసి వండుత."

ఇద్దరూ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. ఆ నవ్వును సదయ్య గని ముందున్న టీ హోటల్‌కు మోసుకుపోయి పదిమందికి పంచాడు. "మా బావ ఇంట్ల రోజు దుప్పి కూరనే!" అన్నాడు. అంతకు రెండు రోజుల ముందే గోదావరి ఒడ్డున గోనెసంచిలో ఒక చుక్కల దుప్పి తోలు, కాళ్లు దొరికి, పత్రికల్లో బొమ్మ పడింది. అటవీ కార్యాలయానికి ఎవరో ఒక మనిషి అవసరమయ్యాడు. ఆ హోటల్లో టీ తాగుతున్న వారిలో ఆ కార్యాలయపు మనిషి ఒకడున్నాడు.

శుక్రవారం నర్సింగానికి వారపు సెలవు. రేంజి అధికారి, నలుగురు సిబ్బంది వచ్చేసరికి మూకుడు పొయ్యి మీదే ఉంది.

"కోడి ఇంత నల్లగా ఉంటుందా?" అన్నాడు అధికారి.

"మూకుడు సార్ అది. ఇనుప మూకుడు. ఇంటెనక ఈకలున్నయి, తలకాయున్నది, కాళ్లున్నయి. వచ్చి సూడుండ్రి సార్."

ఒక గార్డు నిజంగానే పెరటి వైపు రెండడుగులు వేశాడు. "ఈకలు ఎవరింట్లోనైనా ఉంటాయి, ఇటు రా," అని అధికారి అతడిని వెనక్కి పిలిచాడు. పంచనామాలో మాంసం ఉంది, మూకుడు ఉంది, నోటుబుక్కు ఉంది. ఈకలు లేవు.

మంచం మీద నుంచి సారవ్వ లేవబోయి గోడ పట్టుకుంది. "సారూ, తింటున్నది నేను. ఇంకో ముక్క నోట్లె పెట్టుకుంట, నా నోట్లకెల్లి తీసి సూడుండ్రి, కోడో కాదో." లాంప్‌రూమ్ మనిషి చెప్పులు వెతుక్కునేలోపే జీపు ఎక్కించారు.

రిమాండు రిపోర్టులోని వాక్యం ఇది: "ముద్దాయి తన స్వదస్తూరీతో కోడి మాంసం, జింక మాంసం పోషక విలువలను పోల్చి చూసి, జింక మాంసమే మేలని నిర్ధారించుకున్నాడు." దానికి జతపరచింది పద్నాలుగో పేజీ నకలు. పదిహేనో పేజీ జతపరచలేదు. పశువైద్యుడు కంటితో చూసి ఇచ్చిన ధ్రువపత్రంలో, "నల్లని రంగు, ముతక పీచు ఉన్నందున జింక జాతి మాంసముగా కనిపించుచున్నది" అని ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని యాభై ఏడో సెక్షన్ ప్రకారం, వన్యప్రాణి మాంసం ఒకరి వద్ద ఉన్నదని రుజువైతే, అది అక్రమంగా ఉన్నదనే భావించాలి. కాదని చూపవలసిన భారం ముద్దాయిదే. కానీ ముందు అది వన్యప్రాణి మాంసమని రుజువు కావాలి. ఆ మెట్టును ఎక్కకుండానే దాటేశారు.

సెప్టెంబరు 12 వచ్చింది. ఆపరేషన్ తేదీ అదే, అది జరగలేదు. మరునాడే సకల జనుల సమ్మె మొదలైంది. గనులు ఆగాయి. వకీళ్లు కోర్టులను బహిష్కరించారు. న్యాయమైన సమ్మె అది. బహిష్కరణా న్యాయమే. ఆ న్యాయం కిందే నర్సింగం బెయిలు దరఖాస్తు వాయిదా మీద వాయిదా పడింది, ఈ నిజాన్ని కూడా దాచకూడదు. కరీంనగర్ జైల్లో అతడికి తెలిసిన వార్త ఒక్కటే: లాంప్‌రూమ్‌లో దీపాలన్నీ కొక్కేలకే ఉన్నాయి, కింద ఒక్క మనిషీ లేడు. ఆ మాటకు సంతోషించాలో లేదో అతడికి తోచలేదు. అంతకు ముందే, అరెస్టయి నలభై ఎనిమిది గంటలు గడవగానే, నిబంధన ప్రకారం సస్పెన్షన్ కాగితం వచ్చింది.

ఇంట్లో సారవ్వ మాంసం మానేసింది. సదయ్య కాలు ఈడ్చుకుంటూ రోజూ గిన్నెతో వచ్చేవాడు. ఆమె మూత కూడా తీసేది కాదు.

"తినక్కా. నీ కాళ్లు మొక్కుత. నా నోటి దూల జెయ్యవట్టి గింత పనయింది."

"నువ్వు నవ్వుకున్నవు తమ్ముడా, నేను తిన్న. తింటెనే గదా ఆయిన్ని తీస్కపోయిండ్రు. ఆయన వచ్చినంక తింట."

అరవై రోజుల్లో అధికారులు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయకపోవడంతో, అక్టోబరు 27న నర్సింగం బెయిలుపై బయటికి వచ్చాడు. అప్పటికి సారవ్వ రక్తం అంకె ఆరు దశాంశం తొమ్మిది. ఇంటికి రాగానే అతడు వంటింట్లోకి పోయాడు. మూకుడు వేలాడే మేకు ఖాళీగా ఉంది. ఖాళీ కొక్కెం అంటే ఏమిటో ఇరవై ఆరేళ్లుగా తెలిసిన మనిషి దాన్ని వేలితో తడిమి చూశాడు.

"కొత్తది కొనుక్కొస్త," అన్నాడు.

"వద్దు," అంది సారవ్వ. "కూర నల్లగయితె మల్ల వస్తరు."

అతడు కొన్నాడు. వండాడు. ఆమె రెండు బుక్కలు తిన్నది, గుమ్మం వైపు చూసింది, చెయ్యి కడుక్కుంది. నోటుబుక్కు కోర్టులో ఉంది. టిక్కు పెట్టుకోవడానికి పేజీ కూడా లేదు. దాచి ఉంచిన రక్తం సీసా గడువు దాటి వృథా అయింది. జనవరిలో అటవీ కార్యాలయం కోర్టులో ఫిర్యాదు దాఖలు చేసింది. ఆ నెలలోనే ఆమె రక్తం ఐదు దశాంశం తొమ్మిదికి దిగింది.

మొదటి వాయిదా రోజు కోర్టు బయట సదయ్య, కనిపించిన ప్రతి నల్లకోటునూ ఆపి అడిగాడు: "సారూ, ఆ దుప్పి మాట నాది. పరాశికానికన్న. నా పేరు యాడ రాపియ్యాలె?" అతడి పేరు రాసుకునే వరుస ఏ కాగితంలోనూ లేదు.

సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబు ప్రకారం, మాంసం నమూనా సీసా నేటికీ అటవీ కార్యాలయం అలమరలోనే ఉంది. ప్రయోగశాలకు రాసిన లేఖ మీద 2011 ఆగస్టు 29 తేదీ ఉంది. డిస్పాచ్ నెంబరు గడి ఖాళీగా ఉంది.

రేంజి అధికారి గారూ, ఆ గడి నింపండి. సీసాను ఈ వారంలోనే హైదరాబాద్ ప్రయోగశాలకు పంపండి. నమూనా కుళ్లిపోయి ఉంటే, అది ఎవరి చేతుల్లో కుళ్లిందో సంతకం చేసి రాసివ్వండి. పద్నాలుగో పేజీ పక్కన పదిహేనో పేజీని పెట్టండి. నర్సు సంధ్యారాణి వాంగ్మూలం తీసుకోండి. ఆమె దవాఖాన మీ ఆఫీసుకు నడిచిపోయేంత దూరంలోనే ఉంది. పశువైద్యుడు గారూ, కోడి పీచు చూసి జింక అని మీరు ఏ పరీక్షతో తేల్చారో కోర్టుకు చెప్పండి. తదుపరి వాయిదా ఫిబ్రవరి 17. సారవ్వ ఆ వాయిదాకు రాలేని స్థితిలో ఉంది, మంచం దిగలేకపోతోంది. ఈ కేసు ఆమెను చంపకముందే దీన్ని ఉపసంహరించుకోండి.