ఆషాఢంలో నీలం పొగ

ఆ రోజుల్లో మా వైపు సొంత కారున్న మనిషిని దూరం నుంచి చూసి గౌరవించేవాళ్లు, దగ్గరికొచ్చాక జాలిపడేవాళ్లు. ఆ కారు రోడ్డు మీద తిరిగే రోజులకంటే దాని కింద ఆయన వెల్లకిలా పడుకునే రోజులే ఎక్కువ మరి. పెళ్లికి ముందు నాకీ సంగతి తెలియదు. అబ్బాయి దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు, పైగా కారుంది అని సంబంధం తెచ్చిన పెద్దమనిషి చెప్పగానే మాచర్లలో మా వీధి వీధంతా నా అదృష్టాన్ని మెచ్చుకుంది. తీరా కాపురానికి వెళ్లి చూద్దును గదా, అది ఎప్పుడో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు వాడి వాడి వదిలేసి వెళ్లిన డీజిల్ కారు. ఏళ్ల తరబడి షెడ్డులో మూలపడి ఉంటే మా ఆయన తెచ్చుకున్నారు. దానికి టర్బో ఉందట. బయటికి పోయే పొగతోనే ఒక చిన్న చక్రం తిరిగి, ఇంజన్లోకి గాలిని బలంగా నెడుతుందట. (ఈ మాట ఆయన పెళ్లిపీటల మీద కూడా ఎవరికో చెబుతుంటే విన్నాను. నా పేరు మాత్రం అంత ముద్దుగా పలికినట్టు గుర్తులేదు.)

ఆ కారుకున్న జబ్బల్లా ఇంజన్ ఆయిలు తాగడం. ఆయన పొద్దున్నే కాఫీ కంటే ముందు బానెట్ ఎత్తి, ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి, ముఖం వేలాడేసుకుని లోపలికి వచ్చేవారు. "మళ్లీ తగ్గింది. ఇంత ఆయిలు ఎటు పోతోందో!" అని తనలో తాను అనుకునేవారు. నన్నే అంటున్నారనుకుని నేను వంకాయ వేపుడు మానేసి, కూరలన్నీ ఉడకబెట్టడం మొదలుపెట్టాను. కొన్నాళ్లు నోరెత్తకుండా తిని, చివరికి "మీ ఇంట్లో తాలింపు వెయ్యరా?" అని అడిగారు. అప్పటికి మా మధ్య నడిచిన సంభాషణల్లో అదే పెద్దది.

ఆయన దిగులల్లా ఒక్కటే. ఇంజన్లో రింగులు అరిగిపోయి ఉంటే మొత్తం విప్పాలి. ఆ సామాను మన దేశంలోనే దొరకదు. ఇక కారును తుక్కు కింద వదులుకోవాల్సిందే.

ఇంతలో ఆషాఢం దగ్గరపడింది. కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలి, ఆ నెలంతా అల్లుడు అత్తగారింటి గడప దాటకూడదు. పుట్టింటి నుంచి ఎవరో ఒకరు వచ్చి నన్ను రైల్లో తీసుకెళ్లాల్సింది. ఈయన "నేనే కార్లో దింపుతాను" అన్నారు. ఎంత ప్రేమో అని పొంగిపోయి, మంచి చీర కట్టుకుని ముందు తలుపు తీశాను.

"అక్కడ కాదు. వెనక సీట్లో మోకాళ్ల మీద వెనక్కి తిరిగి కూర్చో. పొగ ఏ రంగులో వస్తోందో చూసి చెప్పాలి. నల్లగా వస్తే డీజిలు, తెల్లగా వస్తే నీళ్లు, నీలంగా వస్తే ఆయిలు."

బండి కదిలింది. నేను వెనక అద్దానికి ముఖం ఆనించాను.

"ఏ రంగు?"

"వెలిసిపోయిన నెమలికంఠం చీర లాగా ఉందండీ."

"అట్టాంటి రంగు లేదు. మూడింట్లో ఒకటి చెప్పు."

"అయితే ఏమీ రావట్లేదండీ. అది దుమ్ము."

గురజాల దాటేదాకా ఇదే వరస. ఎత్తు ఎక్కేటప్పుడు చూడమన్నారు, లేదన్నాను. వేగంగా తోలి చూడమన్నారు, లేదన్నాను. ఆయన మాట నమ్మారో లేదో గాని నా మోకాళ్లు మాత్రం పట్టేశాయి. ఆ తర్వాత రైలు గేటు పడింది. ఆయన ఇంజన్ ఆపలేదు. మా వెనకే పొలాలకు వెళ్లే ఆడకూలీలు వచ్చి నిలబడ్డారు. అందరికీ ఎదురుగా అద్దంలో నా ముఖమే.

"ఏమే పిల్లా, మొగుడి మీద అలిగి అటు తిరిగి కూకున్నావా?" అందొకావిడ. మిగతావాళ్లు పకపకా నవ్వారు. సిగ్గుతో కొంగు కప్పుకునేంతలో రైలు వెళ్లింది, గేటు లేచింది, ఆయన కాలు గట్టిగా తొక్కారు. గుప్పుమని లేచిన పొగమేఘంలో ఆ ఆడవాళ్లంతా మాయమయ్యారు.

"నీలం! నీలమండీ! ఈసారి నీలమే!" అని సంబరంగా అరిచాను. వెనక మేఘంలోంచి మా ఇద్దరి వంశాలనూ తలుచుకుంటున్న కేకలు వినిపించాయి.

ఆయన కాస్త దూరంలో బండి ఆపి నా వైపు తిరిగారు. "ఎత్తు ఎక్కేటప్పుడు రాలేదు. ఊరికే నిలబడి కదిలినప్పుడే వచ్చింది. అంతేనా? బాగా చూశావా?" అన్నారు. అంతకుముందు కారును చూసినట్టు అప్పుడు నన్ను చూశారు.

మాచర్ల చేరేసరికి పుల్లకు ఆయిలు అంటడం లేదు. ఆ స్థితిలో కారు వెనక్కి వెళ్లేది లేదు. తెల్లవారితే ఆషాఢం. మా నానమ్మ గడపలో కత్తిపీట వేసుక్కూచుని కూరగాయలు తరుగుతూ కాపలా కాసింది. అమ్మ బిక్కముఖం పెడితే, నానమ్మే మళ్లీ దారి చూపించింది.

"గడప దాటకూడదన్నారు గానీ అరుగు ఎక్కొద్దన్నారటే? అరుగు మీద ఆకేసి అన్నం పెట్టు. రాత్రికి డీజిల్ బాబాయి ఇంట్లో పడుకుంటాడు."

డీజిల్ బాబాయి అంటే మా వీధి చివర షెడ్డున్న సాయిబు మెకానిక్. ఆయన ఒకసారి ఇంజన్ చప్పుడు విని, "రింగులు పోయినయ్ అల్లుడు గారూ, ఇప్పాల్సిందే" అని తేల్చేశాడు.

"రింగులు పోతే బరువు లాగేటప్పుడు పొగ రావాలి గదా! ఈమె చూసింది, రాలేదు."

"అమ్మాయి చూసిందా?" అని బాబాయి నా వైపు తిరిగాడు. తలుపు చాటు నుంచి సాక్ష్యం చెప్పాను. ఇక అక్కణ్ణుంచి అరుగు మీద రోజూ సభే. టర్బో నుంచి ఇంజన్లోకి పోయే రబ్బరు గొట్టం ఊడదీస్తే, లోపలంతా ఆయిలే. టర్బోయే పోయిందని మా ఆయన అన్నం సగంలో వదిలేశారు. నేను మజ్జిగ పట్టుకెళితే, చేతిలో గ్లాసు పెట్టుకుని టర్బో లోపల ఏముంటుందో చెప్పారు. మర్నాడు తన చిన్నతనం గురించి చెప్పారు. మధ్యలో రింగుల ప్రస్తావనే రాలేదు. "ఏమే, మీ ఆయన కారు బాగు చేస్తన్నాడా, ఆషాఢం గడిపేస్తన్నాడా?" అని ఎదురింటి పిన్ని ఆరా తీసింది.

చివరికి ఒకనాడు ఇంజన్ తిరుగుతుండగా బాబాయి ఆయిలు పోసే మూత తీశాడు. లోపలి నుంచి గాలి బుస్సుమని తన్నింది. ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. "గాలి బయటికిపోయే తోవ మూసుకుందండీ. అదే ఆయిల్ని టర్బోలోకి నెడతంది," అన్నాడు బాబాయి. మా ఆయన చటుక్కున కారు కిందికి దూరి, ఆ గాలి పోవడానికి కిందికి దిగే సన్న గొట్టంలో తీగ పెట్టి పొడిచారు. ముద్దలు ముద్దలుగా ఎర్రమట్టి రాలింది. షెడ్డులో మూలపడి ఉన్న రోజుల్లో కందిరీగ పెట్టుకున్న గూడు!

ఇంజన్ను చాలాసేపు ఊరికే తిరగనిచ్చి గట్టిగా తొక్కారు. వీధంతా పొగగొట్టం చుట్టూ మూగింది. పొగ లేదు. అమ్మ దణ్ణం పెట్టుకుంది. "తర్బూజా బాగుపడిందంటగా! ఇంకేం, పొద్దుగూకకముందే ఊరు చేరొచ్చు" అంది నానమ్మ, టర్బోను తన నోటికి తిప్పుకుని. ఆయన చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశారు. అందరికంటే సంతోషించాల్సిన మనిషి ముఖంలో ఆ సంతోషం లేదు.

నాకేమైందో తెలియదు. "లేతగా నీలం కనపడినట్టుందండీ," అన్నాను.

బాబాయి గొట్టంలోకి వంగి చూసి, గడ్డం గోక్కుని, "అవునమ్మా, నాక్కూడా అట్నే ఉంది. రేపు ఇంకోసారి చూడాల్సిందే," అన్నాడు. మా ఆయన వెంటనే బానెట్ ఎత్తి తల లోపల పెట్టేశారు, నవ్వు కనపడకుండా.

ఇప్పుడైతే నాకేం కావాలో నేరుగా అడిగేస్తాను, ఆయన వినకపోతే రెండోసారి గట్టిగా అడుగుతాను. ఆ రోజు అరుగు మీద నిలబడ్డ ఆ పిల్లకు "ఇంకో రోజు ఉండండి" అని మొగుడితో అనడానికి నోరు రాలేదు. అయినా తను అడగాల్సింది అడిగింది. ఆ పిల్ల మీద నాకిప్పటికీ కాస్త అసూయే.