సారు దాచుకున్న ఫైలు

కేసముద్రంలో మా పదకొండుమందికి కంప్యూటర్ నేర్పిన సారే పెళ్లిపత్రిక అచ్చేయకపోతే మండలంలో పెళ్లే జరిగేది కాదు. ఆయన పెళ్లి మాత్రం జరగనే లేదు. పాత విండోస్ ఎక్కించేటప్పుడు ఫ్యాన్ ఆపేసి, "జర మెల్లగ ఊపిరి తీయుండ్రి, కరెంటు బెదురుతది" అనేవారు. మా చెమటతో రెండెకరాల వరి పండేది.

సారు పోయాక నా చేతికొచ్చిన ఆయన సీడీలో ‘నాది’ అనే ఫైలు ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకోలేదు. ఏం దాచుకున్నారో చూడకుండా ఉండలేక, ల్యాప్‌టాప్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి పుట్టించి, దానికి ఆ పాత విండోస్ ఎక్కించాను.

"కంప్యూటర్ల మల్ల కంప్యూటరేంది? నీకేమన్న గాలి సోకిందా?" అంది మా ఆవిడ.

ఫైలు తెరుచుకుంది. ఆయన పెళ్లిపత్రిక. వధువు పేరు చోట చుక్కలున్నాయి. ఆహ్వానించేవారి చోట మాత్రం మా పదకొండుమంది పేర్లూ, ఇంటిపేర్లతో సహా, ముందే టైపు చేసి పెట్టుకున్నారు.