ఆలస్యం ఎరుగని కరుణ: డాక్టర్ సుభద్రమ్మగారు

డాక్టర్ సుభద్రమ్మగారు ఇక లేరన్న వార్త మొన్న మంగళవారం ఉదయం నేను ఆఫీసుకు బయలుదేరుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆమె భర్త లక్ష్మీపతిగారే. "శేషగిరీ, మీ అక్కయ్య వెళ్ళిపోయిందయ్యా" అని మాత్రం అన్నారు. ఆదివారం మా ఇంట్లో భోజనం చేసి, మా అమ్మాయి పెంచుకుంటున్న పిల్లికి చెవులు చూసి వెళ్ళిన మనిషి. గుండెపోటు ఆమెకు వైద్యుణ్ణి పిలిచే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ మాట విన్నాక నేను కారు తాళాలు చేతిలో పట్టుకుని వాకిట్లో మంచులో ఎంతసేపు నిలబడిపోయానో, మా ఆవిడ రమ వచ్చి లోపలికి తీసుకువెళ్ళేవరకు నాకు తెలియలేదు.

ఆమె నాకు తోడబుట్టినది కాదు. డెబ్భైల చివర నేను డెట్రాయిట్ దగ్గరి నోవై అనే ఊరికి వచ్చిన కొత్తలో, మంచులో కారు నడపడం రాక గుంటలో దిగబడితే, గొడ్ల చావిడి నుంచి తిరిగి వస్తూ తన ట్రక్కుతో లాగి బయటపడేసిన మహా ఇల్లాలు. చీర మీద మగవాళ్ళ కోటు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. "తెలుగువాడివా? ముందు ఇంటికి రా, అన్నం తిను. కారు సంగతి తర్వాత" అన్నది ఆమె మొదటి మాట. ఆనాటి నుంచి అక్కయ్యే.

తిరుపతిలో పశువైద్యం చదివి, ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి, డెట్రాయిట్ నగరానికి పడమటనున్న పల్లెల్లో సొంతంగా చిన్న క్లినిక్ పెట్టుకున్నారు. మన తెలుగు వైద్యులలో హృద్రోగ నిపుణులున్నారు, శస్త్రచికిత్సలో చేయి తిరిగినవారున్నారు. అర్ధరాత్రి అడ్డం తిరిగిన దూడను ఆవు కడుపులోంచి తీసి, కొట్టంలోనే గడ్డి మీద కూర్చుని కాఫీ తాగి వచ్చే వైద్యురాలు మాత్రం ఆమె ఒక్కరే. మొదట్లో ఆమె పొట్టి ఆకారం చూసి నవ్విన రైతులే తర్వాత 'లిటిల్ డాక్టర్' అని గౌరవంగా పిలుచుకునేవారు.

ఎనభైల ఆరంభంలో ఆ ఇంటికి రెండు కష్టాలు ఒకేసారి వచ్చాయి. కార్ల కంపెనీలో లక్ష్మీపతిగారికి లేఆఫ్ అయింది. ఆ శీతకాలమే ఒక బెదిరిన ఆవు సుభద్రమ్మగారిని కొట్టం గోడకు అదిమేసింది. ఎడమ చేయి విరిగి అతికింది గానీ, పూర్వపు బలం మళ్ళీ రాలేదు. నీళ్ళ చెంబు ఎత్తినా వణికేది. దూడలను తీయడానికి కుడిచేయి సరిపోయేది, రైతులు సాయం పట్టేవారు. కానీ ఇక బతకదని తేలి, నొప్పితో కాళ్ళు తన్నుకునే పెద్ద జంతువుకు నరం దొరకబుచ్చుకుని సూది వేయడం ఒంటిచేతి పని కాదు. ఒకసారి ఆ ప్రయత్నంలో సూది రెండుసార్లు జారిపోయి, ఆ ఎద్దు చాలాసేపు బాధపడి పోయిందట. ఆ తర్వాత రెండు రోజులు ఆమె అన్నం ముట్టలేదని లక్ష్మీపతిగారు చెప్పారు.

మూడో రోజు ఆమె నాకు ఫోన్ చేసి, "శేషగిరీ, శనివారం ఖాళీయేనా? రైఫిల్ కొనాలి. మీ బావగారు రానంటున్నారు" అన్నారు.

నేను నవ్వులాట అనుకున్నాను. కాదు.

పొరుగూరిలో వాల్టర్ అనే ఆసామి హార్డ్‌వేర్ దుకాణం నడిపేవాడు. ముందువైపు మేకులు, పారలు, పశువుల దాణా. వెనక గోడకు తుపాకులు. వాల్టర్ ఆమెను ఎరుగును. నల్లగా సైనికుల తుపాకీలా ఉన్నదొకటి దించి, "ఇది తీసుకోండి డాక్టర్. చూస్తేనే ఎవడైనా జడుస్తాడు" అన్నాడు.

"నన్ను చూసి జడవవలసినవాళ్ళు ఎవరూ లేరు వాల్టర్. నా ముందుకొచ్చే ప్రాణి అప్పటికే జడిసి ఉంటుంది" అన్నారామె.

తర్వాత అతడు ప్రతి గుండుకూ చేత్తో పిడి వెనక్కి లాగి ముందుకు తోసే రకం చూపించాడు. అది చవక, చెడిపోదు అన్నాడు. ఆమె కుడిచేతితో ఆ పిడి లాగబోతే, ఎడమ చేతిలోని గొట్టం నేలకు వాలిపోయింది. ఆమె ముఖంలో విచారం లేదు. రోగిని పరీక్షించినట్టు తన చేతినే ఒక క్షణం చూసుకుని, దాన్ని బల్లమీద పెట్టేశారు.

"తనంతట తాను రెండో గుండు సిద్ధం చేసుకునేది కావాలి నాకు. మొదటిది తప్పితే రెండోది ఆ క్షణంలోనే వెళ్ళాలి. నా చేతి అవిటితనానికి ఆ మూగజీవి బాధపడకూడదు."

అటువంటి సెమీ ఆటోమేటిక్ కొత్తవి ఆమెకు అందుబాటు ధరలో లేవు. వాడినవాటిలో ఒకటి చూడముచ్చటగా ఉంది, ధర కూడా పర్వాలేదు. దుకాణం వెనక మట్టిదిబ్బ మీదికి కాల్చి చూస్తానని ఆమె పట్టుబట్టారు. ఆ చలికి మూడో గుండు లోపలే ఇరుక్కుంది. నూనె గడ్డకట్టి ఉంటుంది, శుభ్రం చేసిస్తానన్నాడు వాల్టర్. "మా రోగులు ఎక్కువగా చలికాలంలోనే పడిపోతారయ్యా" అని దాన్ని తిరిగి ఇచ్చేశారు. చివరికి మూలనున్న ఒక పొట్టి రైఫిల్ ఆమె భుజానికి సరిగ్గా అమరింది. ఎవరో రైతు కొడుకు పొడుగు పెరిగిపోయాక తిరిగి అమ్మేసినదట. కర్ర నిండా గీతలు. తేలిక. చిన్న గుళ్ళు, ఏ దుకాణంలోనైనా దొరికేవి. ఇంత చిన్న గుండు చాలదేమోనని వాల్టర్ సందేహించాడు. "నేను దూరం నుంచి కొట్టను. చేత్తో తాకగలిగినంత దగ్గర నిలబడతాను. ఎక్కడ కొట్టాలో చదువుకున్నాను" అన్నారామె. ఆ మంచులోనే పదిసార్లు కాల్చినా అది మొరాయించలేదు. దుర్భిణి బిగించుకోమని అతడంటే, ఆ డబ్బుకు గుళ్ళే ఇమ్మన్నారు. కారులో నాతో, "తుపాకీ చవగ్గా దొరకొచ్చు గానీ, గురి చవగ్గా దొరకదు నాయనా" అన్నారు. వసంతం దాకా ప్రతి ఆదివారం ఆ మట్టిదిబ్బ దగ్గర సాధన చేశారు.

మన తెలుగు సంఘంలో ఈ సంగతి పొక్కకుండా ఉంటుందా? ఉగాదికి స్కూల్ హాల్లో భోజనాల దగ్గర నారాయణరావుగారనే పెద్దాయన పదిమందిలో అడిగేశారు. "ప్రాణం పోసే చేతికి తుపాకీ ఏమిటమ్మా? మన సంప్రదాయానికి తగునా?"

లక్ష్మీపతిగారు తల దించుకున్నారు. ఆమె మాత్రం పులిహోర గరిటె కింద పెట్టి నెమ్మదిగా అన్నారు. "బాబాయిగారూ, మందుతో పంపినా గుండుతో పంపినా పంపేదాన్ని నేనే. ఆ పాపమేదో నాది. దాన్ని తప్పించుకోవడానికి ఆలస్యం చెయ్యలేను."

మరుసటి ఫిబ్రవరిలో ఒక పగటిపూట ఆమె వెంట నేను వెళ్ళవలసి వచ్చింది. లక్ష్మీపతిగారు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళారు. హారోల్డ్ అనే ముసలి రైతు గుర్రం వాగు గట్టున మంచు మీద జారి పడింది. అది చనిపోయిన అతని భార్య ముద్దుగా పెంచుకున్న ఆడగుర్రం. ముందరి కాలు, తుంటి రెండూ విరిగాయి. ఆమె మంచులో మోకరిల్లి ఓపిగ్గా అంతా తడిమి చూసి, లేచి తల అడ్డంగా ఊపారు.

"ఇంకో గంట చూద్దామా డాక్టర్?" అన్నాడు హారోల్డ్.

"ఆ గంట మీకోసం హారోల్డ్. దానికోసం కాదు."

అతడు టోపీ తీశాడు. నేను ముఖం తిప్పుకోవడం చూసి, ఆమె తెలుగులో, "చూడకపోతే మానె. వెళ్ళి ఆయన పక్కన నిలబడు" అన్నారు. వెళ్ళి నిలబడ్డాను. ఆమె గుర్రం నుదురు నిమిరి, ఏదో మెల్లగా చెప్పి, రైఫిల్ ఎత్తారు. సరిగ్గా అప్పుడే అది నొప్పితో తల విదిల్చింది. మొదటి మోత ఇంకా చెవుల్లో ఉండగానే రెండోది వినిపించింది. అంతే. కదలిక ఆగిపోయింది. హారోల్డ్ నా భుజం పట్టుకుని చాలాసేపు వదలలేదు. ఆమె చాలాసేపటిదాకా గుర్రం మెడ మీద చేయి వేసి మంచులోనే కూర్చున్నారు.

తిరుగుదారిలో ఆమె ఒక్కమాటే అన్నారు. "మొదటిది తప్పాను శేషగిరీ." నేను సమాధానం చెప్పబోయాను గానీ, ఆమె కిటికీ వైపు తిరిగిపోయారు.

ఆ సాయంకాలం జరిగినదంతా లక్ష్మీపతిగారికి నేనే చెప్పాను. తుపాకీని ఇంటి గడప దాటనివ్వనని పంతం పట్టి, క్లినిక్‌లో ఇనుప బీరువాలో తాళం వేయించిన మనిషి ఆయన. అది విన్నాక వచ్చిన ఆదివారం ఆమె మళ్ళీ మట్టిదిబ్బ దగ్గరికి బయలుదేరితే తానే ట్రక్కు నడిపారు. ఆమె గురిపెట్టినప్పుడు పక్కన నిలబడి, వణికే ఎడమ మోచేతి కింద తన అరచేయి పెట్టారు. ఆ తర్వాత అటువంటి పిలుపు ఎప్పుడు వచ్చినా ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. ఆ చేతిని ఆయన పట్టుకుని ఉండగా ఆమెకు మళ్ళీ రెండో గుండు అవసరం పడలేదని ఆయనే చెప్పారు.

ఇది చదివి ఆమెను కఠినాత్మురాలని ఎవరూ అనుకోకూడదు. ఆమె చేతుల మీదుగా పుట్టినవాటితో పోలిస్తే వెళ్ళిపోయినవి బహు స్వల్పం. మా అమ్మాయి చిన్నప్పుడు ఈ గుర్రం సంగతి విని, "ఆంటీ, దానికి నొప్పి ఉంటదా?" అని వచ్చీరాని తెలుగులో అడిగితే, చిన్నపిల్లే కదా అని ఆమె దాటవేయలేదు. "ఉంటుందమ్మా. అందుకే నేను తొందరగా వెళ్తాను" అన్నారు. దయ అంటే మెత్తదనమని మనం అనుకుంటాం. దయకు ధైర్యం, అభ్యాసం కూడా కావాలని ఆ సాధ్వీమణి బతికి చూపించారు. అంత్యక్రియలనాడు కోటులేసుకున్న మనవాళ్ళ వెనక, బురద బూట్లతో రైతులు గోడవారగా బారులు తీరి నిలుచున్నారు. మంత్రాలు ఒక్కటీ అర్థంకాకపోయినా చివరిదాకా ఎవరూ కదల్లేదు.

నిన్న క్లినిక్ సర్దడానికి లక్ష్మీపతిగారికి సాయంగా వెళ్ళాను. ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. ఎరగని గొంతు. ఆవు పడిపోయింది, లేవడం లేదు, లిటిల్ డాక్టర్ని పంపుతారా అని. విషయం చెప్పాను. "అయితే ఇప్పుడు ఎవరిని పిలవను?" అన్నాడతడు. నేను ఫోన్ లక్ష్మీపతిగారి వైపు చాచాను. ఆయన అందుకుని, దూరపు ఊళ్ళోని మరో డాక్టర్ నంబర్ ఇచ్చారు. తర్వాత, "ఆయన వచ్చేదాకా దాని తల దగ్గరే కూర్చోండి. ఒంటరిగా వదలకండి" అన్నారు.

ఫోన్ పెట్టేశాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆ డాక్టర్ చేరేసరికి పొద్దు వాలిపోతుందని ఇద్దరికీ తెలుసు.