బేస్ గిటార్‌కు కొన్న డబ్బా

తొంభైల మధ్యలో అశోక్‌నగర్‌లో ఒక మేడమీది గదిలో కిరాయికి ఉండేవాణ్ని. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ని. పని లేని రోజుల్లో ఆ గదిలోనే భక్తిపాటల క్యాసెట్లకు సంగీతం రికార్డు చేసేవాణ్ని. కిటికీలకు పాత దుప్పట్లు కట్టి, గొంతునూ ఒక్కో వాయిద్యాన్నీ విడివిడిగా పట్టే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ ఒకటి పెట్టుకుని, దాన్నే స్టూడియో అనేవాణ్ని.

మా ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించే ఆయనది చిక్కడపల్లి. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. పాట మధ్యలో మేమంతా తాళం తప్పినా, ఆయన బేస్ పట్టుకుని మళ్లీ దారికి వచ్చేవాళ్లం. నా పాటలకూ ఆయనే వాయిస్తానన్నాడు. చిక్కల్లా కింది వాటాతోనే. ఇంటి ఓనరు తల్లి పక్షవాతంతో మంచం పట్టి ఉంది. పైన ఆంప్లిఫయర్‌లో బేస్ మోగితే ఆమె మంచం అదిరేది. అందుకని గిటార్ వైరు నేరుగా రికార్డర్‌కే పెట్టి, హెడ్‌ఫోన్లలో వింటూ రికార్డు చేద్దామనుకున్నాం.

అలా పెడితే రేకు మీద కొట్టినట్టు వచ్చింది. వెనక గుయ్యిమని ఒకటే మోత. గిటార్‌కూ రికార్డర్‌కూ మధ్య డైరెక్ట్ బాక్స్ ఉండాలని నారాయణగూడలో మైకుసెట్లు అమ్మే షాపాయన చెప్పి, రెండు రకాలు చూపించాడు. ఒకటి లోపల ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఏమీ లేని ఇనుప డబ్బా. ఇంకోటి బ్యాటరీతో నడిచేది, శబ్దాన్ని కొంత పెంచేది.

"రెండూ తీస్కపోండ్రి. నచ్చింది ఉంచుకొని ఇంకోటి వాపస్ తెండ్రి" అన్నాడు.

ఇనుప డబ్బా పెట్టగానే మోత పోయింది. స్వరం నిండుగా వచ్చింది. కానీ రికార్డర్ మీద శబ్దం ఎంతుందో చూపే ముల్లు ఒక దెబ్బకు పైకి లేచి, తర్వాతి దెబ్బకు సగంలోనే పడిపోయేది. మళ్లీ లేచేది, మళ్లీ పడేది. బ్యాటరీ డబ్బాతోనూ అంతే. వైరు మార్చాం, తీగలు మార్చాం.

"రెండు డబ్బాలూ బేకారే తమ్మీ" అని అన్న విసుక్కున్నాడు.

షాపాయన ఈసారి కంప్రెసర్ ఇచ్చాడు. గట్టి దెబ్బను తగ్గించి, మెత్తటి దెబ్బను లేపే యంత్రం అది. మెత్తటి దెబ్బలు లేచాయి గానీ వాటితోపాటు టేపు మీది సరసర కూడా లేచింది. వానలో కూర్చుని వాయించినట్టుంది.

ఒక మధ్యాహ్నం అన్న చాయ్ గ్లాసు పట్టుకుని బయట పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. నేను గిటార్ ఒళ్లో పెట్టుకుని, మళ్లీ ఇనుప డబ్బాకు తగిలించి చూశాను. బేస్ నాకు సరిగా రాదు. అన్న కొట్టినట్టే చూపుడు వేలు, నడిమి వేలు మార్చి మార్చి ఒకటే తీగ మీద కొట్టాను. ముల్లు ప్రతి దెబ్బకూ ఒకే చోటికి లేచింది. ఇప్పుడు కుదిరిందని సంబరంగా తల ఎత్తేసరికి అన్న గుమ్మంలో ఉన్నాడు.

"మల్లొకసారి కొట్టు" అన్నాడు.

లోపం ఆయన వేళ్లలోనని అప్పుడు తట్టి, రెండో దెబ్బ కావాలనే మెల్లగా కొడదామా అనిపించింది. ఆయన ముల్లునే చూస్తున్నాడు. ఎప్పటిలాగే కొట్టాను.

"డబ్బా మంచిగనే ఉన్నది" అన్నాడు అన్న.

గ్లాసు కింద పెట్టి కుడిచెయ్యి చాపి చూపించాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంట పడి ఉంది.

"ఎప్పటిసంది అన్నా?"

"ఎండకాలం సంది. అంగీ గుండీలు పెట్టుకోనీకి వస్తలేదు. తిమ్మిరని మీ వదినకు చెప్తున్న."

వదినకు చెప్పక తప్పలేదు. ముగ్గురం పెద్దాసుపత్రికి వెళ్లాం. నరాల జబ్బనీ, కండలు ఒక్కొక్కటే చచ్చుబడతాయనీ, దీనికి మందు లేదనీ డాక్టర్ చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటో నారాయణగూడ దాటాక అన్న అన్నాడు:

"ఆ కంప్రెసర్ వాపస్ ఇచ్చెయ్. ఒక వేలు నడుస్తున్నది కద, దాంతోనే కొడ్త. ఎట్లొస్తే గట్లనే ఉండని."

ఇనుప డబ్బా ఒక్కటి ఉంచుకున్నాం. మెల్లగా నడిచే పాటలు ఏరి ఇచ్చాను. చూపుడు వేలొక్కదానితో మూడు పాటలు వాయించాడు. నాలుగోదానికి ఎడమచెయ్యి తీగను నొక్కలేకపోయింది. గిటార్ ఒళ్లోంచి తీసి గోడకు ఆనించాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఏడవలేదు. అది మరీ కష్టంగా ఉండింది.

మిగతా పాటలకు బేస్ నేనే కీబోర్డు మీద వాయించాను. క్యాసెట్ వేసేవాళ్లు అన్ని పాటలూ విని, ఆ మూడింట్లో బేస్ సమంగా లేదని, అవీ కీబోర్డుతోనే మళ్లీ చెయ్యమన్నారు. నేను చెయ్యనన్నాను. ఆ మూడూ లేకుండానే క్యాసెట్ వచ్చింది. అన్నకు ఆ సంగతి చెప్పలేదు. అప్పటికి ఆయనకు మాట కూడా ముద్దగా వస్తోంది. తర్వాతి వానాకాలంలో పోయాడు.

కర్మలన్నీ అయ్యాక వదిన నా గదికి వచ్చి, ఆయన వాయించింది వినిపించమంది. ఒక పాట పెట్టాను. అయ్యేదాకా విని అడిగింది:

"ఇందుల ఆయనది ఏది? పెండ్లయినప్పటిసంది వింటున్న గని, ఏది ఆయనదో నాకు ఎప్పుడు తెల్వలే."

పాట, తబలా, కీబోర్డు ఉన్న ట్రాకులు మూసేసి బేస్ ఒక్కటే వినిపించాను. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు అదుముకుని విన్నది.

"నడ్మ ఆగిండేంది? చెయ్యి నొచ్చిందా?"

"లేదు వదినా. అక్కడ పాడేటామె ఒక్కతే పాడ్తది. ఆమె కోసం ఆగిండు."

వదిన తలాడించింది. ఆయన మళ్లీ మొదలుపెట్టేదాకా కదలకుండా కూర్చుంది.