పువ్వు పక్కన రంధ్రం

పెనుబల్లిలో మా పక్కింటి పెద్దమ్మ దిండు మీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ చిన్న చెక్క కండెల దారాలు తిప్పుతూ లేసుపూలు అల్లేది. వాళ్లమ్మ రంధ్రాలు పొడిచి ఇచ్చిన అట్టే ఆమెకు నమూనా; దాన్ని దిండు మీద పరిచి, ఆ రంధ్రాల్లోనే సూదులు గుచ్చేది. అందులో పువ్వుకు ఎడంగా ఒక రంధ్రం ఉండేది. దాన్ని ఓసారి మొగ్గగా, ఓసారి రాలిన రేకుగా అల్లి, నచ్చక విప్పేసేది.

“సూది జారిందేమో పెద్దమ్మా,” అన్నాను.

“మా అమ్మ చెయ్యి గట్ల జారదు బిడ్డా. ఏందో చెప్పబోయింది. చెప్పకుండనే పోయింది,” అంటూ ఆ రంధ్రాన్ని వేలికొసతో తడిమింది.

పెద్దమ్మ పోయాక ఆ దిండు మా ఇంటికొచ్చింది. పువ్వు పూర్తయింది, కండెలు ఇంకా వేలాడుతున్నాయి. ఆ రంధ్రంలో మాత్రం దారం తగలని సూది నిలబడి ఉంది. తీయబోతే కండెలు టకటకమన్నాయి, ఆమె అల్లుతున్నప్పటిలాగే.

సూదిని అలాగే ఉంచేశాను.