నాడి మీద అగ్గిపుల్ల

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో ఉండగా, నాగాయలంకలో మా పక్కింటి వరండాలో ఒక సాయంత్రం ఐదుగురం కూర్చున్నాం. పక్కింటి అక్క, వాళ్ల మామ్మగారు, నేను, మా చెల్లి, వెనక వీధిలో చేపల వేటకు వెళ్లేవాళ్ల అబ్బాయి. ఇంకా ఒక అగ్గిపెట్టె, కృష్ణ ఒడ్డు నుంచి తెచ్చిన బంకమట్టి, గోడ గడియారం, మామ్మగారి ముందు చిక్కుడుకాయల చేట.

అక్క అప్పుడు బందరులో బీఈడీ చదువుతోంది. మర్నాడు అక్కడి బడిలో పరీక్ష పాఠం చెప్పాలి. పరిశీలకులు వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తారు. కిందటేడు అక్క ఆ పరీక్షలో తప్పింది. మీరు చెప్పింది పిల్లలు మీకే అప్పజెప్పారు, అంతకుమించి ఏమీ జరగలేదని అప్పటి పరిశీలకులు అన్నారట. ఈసారీ తప్పితే చదువు మానేస్తానని అక్క ఇంట్లో చెప్పేసింది. అందుకే మమ్మల్ని కూర్చోబెట్టి సాధన చేస్తోంది.

పాఠం నాడి గురించి. గుండె నిమిషానికి డెబ్బై రెండుసార్లు కొట్టుకుంటుందని ముందుగా చెప్పింది. తర్వాత మణికట్టు మీద చిన్న మట్టి ముద్ద అంటించుకుని, అందులో అగ్గిపుల్ల నిలబెట్టి, అది నిమిషంలో ఎన్నిసార్లు కదులుతుందో లెక్కపెట్టమంది. చెల్లి డెబ్బై రెండంది. నేనూ డెబ్బై రెండన్నాను. వేటవాళ్ల అబ్బాయి మట్టి ముట్టుకోకుండానే అదే అన్నాడు.

“ఏమే, వీడు పుల్ల పెట్టకముందే లెక్క చెప్పేస్తున్నాడు. ఆ ఉద్యోగమేదో వీడికే ఇచ్చేయమను,” అన్నారు మామ్మగారు.

మేం నవ్వాం. అక్క నవ్వలేదు. రేపటి తరగతి కూడా ఇలాగే ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసిపోయిందని ఇప్పుడు అనుకుంటాను. ఈసారి లెక్క ముందుగా చెప్పకుండా మట్టి ముద్ద తన మణికట్టు మీద అంటించుకుని, పుల్ల గుచ్చి, చెయ్యి మా ముందు పెట్టింది.

నీళ్ల అడుగున చేప కొరికితే గాలపు బెండు అదిరినట్టు ఆ పుల్ల అదురుతోంది. పొద్దు వాలుతున్న వెలుగులో దాని ఎర్రటి తల ఒక్కటే కనిపిస్తోంది. గాలి లేదు, ఎవరూ ముట్టుకోలేదు, అయినా కదులుతోంది. మా చెల్లి ఊపిరి బిగపట్టి చూస్తూ లెక్క మరిచిపోయింది. నాకు నూట పదహారు వచ్చింది, వేటవాళ్ల అబ్బాయికి నూట పధ్నాలుగు.

“అక్కా, పుస్తకంలో డెబ్బై రెండే గదా,” అన్నాడు వాడు, తప్పు తనదేనేమోనన్నట్టు.

“పుస్తకానికి రేపు క్లాసు లేదురా. నాకుంది,” అంది అక్క.

పెద్దవాళ్లకు కూడా భయం వేస్తుందని, అది ఒక పుల్ల చివర కనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత చీకటి పడేదాకా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మళ్లీ లెక్కపెట్టాం. ఏ ఇద్దరికీ ఒకే లెక్క రాలేదు. మామ్మగారి పుల్ల అందరికన్నా నెమ్మదిగా, నిద్రలో ఊగినట్టు ఊగింది.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి అక్క నేరుగా మా ఇంటికే వచ్చింది. తరగతిలో సంఖ్య ఏదీ చెప్పకుండా ముందు పుల్ల గుచ్చిన తన చెయ్యే చాపిందట. ఎందుకండీ ఇంత వేగం అని పిల్లలు అడిగితే, మీరంటే భయమని చెప్పిందట. తరగతంతా నవ్వి, ఎవరి చెయ్యి వాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారట. చివరికి వెనక బెంచీలోని పరిశీలకులు కూడా ఒక పుల్ల అడిగి తీసుకున్నారట. ఆ ఏడాది అక్క బీఈడీ పూర్తయింది.

నేనిప్పుడు గుడివాడ దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెబుతున్నాను. జవాబు నోటిదాకా వస్తుంది. ఆపుకుని, వస్తువును ముందు పిల్లల చేతిలో పెడతాను. ఆ కాస్త మౌనాన్ని ఓర్చుకోవడమే ఆ వరండాలో నేను నేర్చుకున్నది. అది ఇప్పటికీ తేలిక కాలేదు. ఈ వారం ఎనిమిదో తరగతికి నాడి పాఠం చెప్పాను. ముప్పై ఎనిమిది మంది వచ్చారు. బోర్డు మీద ఇరవై ఆరు వేర్వేరు సంఖ్యలు పడ్డాయి.