నాన్న రికార్డు మీది ముఖాలు

మాది కళింగపట్నం. అమెరికా నల్లజాతివాళ్లు ఐదుగురు పాడిన ఆరాధన పాటల గ్రామఫోన్ రికార్డు ఒకటి మా నాన్న ప్రాణంగా దాచుకున్నాడు. దాని అట్ట మీద ఆ ఐదుగురి ఫొటో ఉండేది.

పోయిన ఏడు చర్చి వార్షికోత్సవంలో పాత వస్తువుల ప్రదర్శనకు దాన్ని ఇచ్చాను. వెళ్లి చూస్తే ఫొటో మీద క్రిస్మస్ కార్డులోని తెల్లటి దేవదూతలను అంటించేశాడు మా మేనల్లుడు.

"ఏటిరా ఇది?"

"నల్లోల్ల మొకాలు ఏటి బాగుంటాయత్తా? ఇదైతే కళగా ఉంటాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఒరే, అద్దంలో నీ మొకం సూసుకున్నావా? ఆల్ల పాటకి సప్పట్లు కొడతావు, మొకం మాత్రం పనికిరాదేటి?"

"పోనీలేమ్మా, పండగ పూట గొడవెందుకు?" అన్నాడు సంఘ పెద్ద.

నేను ఊరుకోలేదు. తడిగుడ్డతో రుద్ది ఆ కార్డును లాగాను. దానితోపాటు నాలుగు ముఖాలు ఊడి వచ్చేశాయి.

అట్ట వెనక నాన్న తెలుగులో రాసుకున్న వాళ్ల పేర్లున్నాయి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కూడబలుక్కుంటూ ఐదు పేర్లూ అందరి ముందూ గట్టిగా చదివాను. ఎవరూ నవ్వలేదు. మేనల్లుడు తల దించుకున్నాడు.

వాణ్ణి క్షమించమని పాస్టరుగారు ఇప్పటికీ చెబుతున్నారు. క్షమించాల్సింది నేను కాదు, ముఖాలు పోయిన ఆ నలుగురూ.